పువ్వు లేని బతుకమ్మ

పత్తి పువ్వు పొద్దున విచ్చుకుంటుంది.

తెల్లన కాదు, పచ్చన కాదు. చిలికిన మజ్జిగలో చిటికెడు పసుపు పడ్డ రంగు.

మర్నాటికి అది ఎర్రబడుతుంది. మూడోనాటికి వాడి, ముడుచుకుని, రాలిపోతుంది. రాలిన చోట పిందె ఉంటుంది.

అంతే దాని బతుకు... మూడు పొద్దులు.

ఆ మొదటి పొద్దు కోసం మా అమ్మ రెండు నెలలు ఎదురుచూసింది.

అమ్మ పేరు చిలుకమ్మ. వర్ధన్నపేట దాటి లోపలికి పోతే మా ఊరు. మూడెకరాల కౌలు చేను, నల్లరేగడి. నాన్న భీవండిలో మరమగ్గాల మీద పనిచేస్తాడు, ఏడాదికి ఒకసారి వస్తాడు. చేను అమ్మదే. దున్నించడం, విత్తడం, కలుపు, మందు, ఏరడం — అన్నీ అమ్మవే. నేను సింధును, వాళ్లకు ఒక్కగానొక్క బిడ్డను. హన్మకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. నాకు కోపం ఎక్కువ. అది ముందే చెప్పడం మంచిది.

అమ్మ చెయ్యి మంచిదని ఊళ్లో పేరు.

విత్తే రోజు ఎవరి చేనులోనైనా మొదటి గింజ అమ్మ చేతనే వేయించేవాళ్లు. పల్లి కానీ, మక్క కానీ, పెసర కానీ. తెల్లారకముందే ఎవరో ఒకరు మా వాకిట్లో నిలబడి, చిలుకమ్మక్కా ఒక్కసారి వచ్చి పో అనేవాళ్లు. ఆమె తలకు నీళ్లు పోసుకుని, కొంగు నడుముకు చుట్టి, పోయి ఒక గింజ వేసి వచ్చేది. ఒకే ఒక గింజ. దానికి కూలి ఉండదు. ఇచ్చినా తీసుకోకూడదు.

ఆ చెయ్యే ఆమె ఆస్తి. వేరే ఏమీ లేదు.

ఈ కథ ఆ చేతిది.

వరంగల్ స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో సదానందం విత్తనాల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. అమ్మ పెళ్లై వచ్చిన ఏడాది నుంచీ అక్కడే కొంటోంది. ఆయన చెల్లె అంటాడు, ఆమె అన్నా అంటుంది. అందుకే ఎన్నడూ బిల్లు అడగలేదు. అన్నను బిల్లు అడగడమంటే, అన్నం పెట్టిన ఇంట్లో కంచం వాసన చూసినట్టని ఆమె లెక్క.

ఈ జూన్‌లో ఆయన లోపలి గదిలోంచి ఒక సంచి తెచ్చాడు. దాని మీద పేరు లేదు. బొమ్మ లేదు. తేదీ లేదు. కొత్త రకం చెల్లె, నీకోసమే పక్కకు పెట్టిన అన్నాడు.

నీకోసమే.

ఆ ఒక్క మాటకు అమ్మ పొంగిపోయింది. బస్సులో సంచిని ఒళ్లో పెట్టుకుని వచ్చిందట.

మొలక బాగానే వచ్చింది. జూలైలో మోకాలెత్తు. ఆగస్టులో నడుమెత్తు. సెప్టెంబరుకు అమ్మ తల దాటింది. ఆకులు అరచేతులంత. దారిన పోయేవాళ్లు ఆగి, ఏం పెంచినవే చిలుకమ్మా అనేవాళ్లు. అమ్మ సిగ్గుపడేది.

పక్క చేన్లలో పూత దిగింది. కాయ పట్టింది.

మా చేనులో ఆకు.

ఆకు మీద ఆకు... పచ్చగా, నిండుగా, గొడ్డుగా.

అమ్మ రోజూ పొద్దు పొడవకముందే చేనికి పోయేది. ఒక్కో సాలూ తిరిగేది. కొమ్మ వంచి, ఆకు పైకెత్తి, చంటిపిల్ల నోట్లో మొదటి పన్ను కోసం వెతికినట్టు వెతికేది. పొద్దెక్కాక ఇంటికి వచ్చేది. నేను హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే ఒకే మాట.

"ఇయ్యాల సుత పూయలే బిడ్డా. రేపు చూడాలె."

రేపు. మళ్లీ రేపు. రెండు నెలల రేపులు.

వ్యవసాయ ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చింది. చేనంతా తిరిగింది. చెట్లు కొలిచింది, మట్టి తీసుకుంది, ఫొటోలు తీసింది. వారం తర్వాత ఒక కాగితం వచ్చింది, ఇంగ్లిషులో. మధ్యలో ఒక మాట కింద గీత గీసి ఉంది.

యాంథీసిస్.

అప్పుడు నాకు పరీక్షలు. నన్ను కదిలించకూడదనుకుంది అమ్మ. ఊళ్లో ఇంగ్లిషు వచ్చినవాళ్లు లేక కాదు. అన్న ఉండగా ఎవరినో అడగడమెందుకు అనుకుంది. కాగితం మడిచి కొంగున ముడేసుకుని బస్సెక్కింది. తీసుకుపోయి సదానందం చేతిలోనే పెట్టింది.

దొంగ చేతికి తాళాలు ఇవ్వడమంటే అదే.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. మెల్లగా, రెండుసార్లు. నా కోపమంతా ఇప్పటికీ ఆ రెండోసారి మీదే. మొదటిసారి అర్థం చేసుకోవడానికి చదివాడు. రెండోసారి ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి చదివాడు. ముప్పై ఏళ్లుగా విత్తనం అమ్మే మనిషి, ఆ మాట తెలియనివాడు కాదు.

కాగితం మడిచి అమ్మ చేతికి ఇచ్చాడు.

"తెగులు చెల్లె. యాంథీసిస్ అంటరు. భూమికి వచ్చే తెగులు. ఇత్తనం మంచిదే, నీ మన్నుకే అంటుకున్నది."

జర పైలం అన్నాడట. ఫికర్ చేయకు అన్నాడట. దానికి ఒక మందు డబ్బా కూడా ఇచ్చాడు. అమ్మ ఆ డబ్బా మోసుకొచ్చి, వీపుకు పంపు కట్టుకుని, మూడెకరాలూ చల్లింది.

విచ్చుకోవడం అనే రోగానికి మందు... ఆలోచిస్తే ఇప్పటికీ పళ్లు పటపటమంటాయి.

ఎవరికీ చెప్పకు అన్నాడట కూడా. అమ్మ చెప్పలేదు. మాట తనంతట తానే బస్సెక్కింది. అమ్మ కన్నా ముందే ఊరు చేరింది.

చిలుకమ్మ మన్నుకు తెగులు. చిలుకమ్మ చేనుకు తెగులు. నాలుగు రోజులకు — చిలుకమ్మ చేతికి తెగులు.

నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నారు మావాళ్లు. సామెతలు చెప్పడంలో మావాళ్లు గట్టివాళ్లు.

హన్మకొండలో ఉండే పట్టాదారు రాజేశ్వర్ రావు ఫోన్ చేశాడు. తెగులు పాకకముందే చెట్లు పీకించేయమన్నాడు. దసరా వెళ్లాక చేను వేరేవాళ్లకు ఇస్తున్నానన్నాడు. తిట్టలేదు. మర్యాదగానే చెప్పాడు.

పక్క చేను సమ్మమ్మ పిన్నిది. పల్లి విత్తే రోజున ఆమె ఈసారి అమ్మను పిలవలేదు. వేరే ఎవరినో తెచ్చుకుంది. ఆ పరాయి చెయ్యి మొదటి గింజ వేస్తుంటే, అమ్మ మా పత్తిలో నిలబడి ఆకుల సందుల్లోంచి చూసింది. చెట్లు తలకన్నా ఎత్తుగా ఉన్నాయి కాబట్టి ఆమె ఎవరికీ కనబడలేదు.

ఆ ఎత్తు ఒక్కటే ఆ విత్తనం మాకు చేసిన మేలు.

బతుకమ్మ సెలవులకు నేను ఊరికి వచ్చాను. అప్పటికి పండుగ అయిదో రోజు. అమ్మ అన్నం పెట్టింది. తల ఎత్తకుండా, పప్పు వడ్డిస్తూ చెప్పింది.

"మన భూమికి యాంథీసిస్ తాకింది బిడ్డా."

నేను నవ్వాను.

ఆ నవ్వుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు. ఆమె ఏదో తమాషా చేస్తోందనుకున్నాను. ఆమె ముఖం చూశాక కంచం పక్కకు జరిపాను. కాగితం తెమ్మన్నాను.

యాంథీసిస్.

మా బోటనీ క్లాసులో వచ్చే మాటే అది. మొగ్గ విప్పారే క్షణం. మొగ్గా కాదు, పువ్వూ కాదు — రెంటి నడుమ ఆ కదలిక. రేకును రేకు వదిలి, పుప్పొడికి మొదటిసారి గాలి తగిలే పొద్దు. అంత చిన్న క్షణానికి వాళ్లు ఒక పేరు పెట్టుకున్నారు. గ్రీకు నుంచి తెచ్చుకున్నారు. ఆంథోస్ అంటే గ్రీకులో పువ్వు. ఆంథేసిస్ అంటే పూయడం.

ఆ పువ్వు ఇంకా చాలా మాటల్లో దాగి ఉంటుంది. చామంతికి ఇంగ్లిషులో ఉన్న క్రిసాంథిమమ్ అనే పొడుగాటి పేరులో ఉంది, బంగారు పువ్వు అని దాని అర్థం. మంచి పద్యాలు ఏరి ఒకచోట కూర్చిన పుస్తకాన్ని ఆంథాలజీ అంటారు. అందులోనూ అదే పువ్వు. పువ్వులు ఏరి కూర్చడమని.

ఏరి, కూర్చి, పేర్చడం.

అంటే బతుకమ్మ.

ఇంత మంచి మాట... ఎన్ని వందల ఏళ్లు నడిచిందో, ఎన్ని నోళ్లు దాటిందో. మా చేను గట్టు దాకా వచ్చింది. వచ్చి, మా అమ్మ నోట్లో తెగులైంది.

ఆ మాటకు అర్థం చెప్పగానే, "పువ్వా?" అంది అమ్మ.

"పువ్వు విచ్చుకునుడు."

"మరి కాయితంల ఏం రాసిండ్రు?"

చదివి చెప్పాను. చెట్టు ఆరోగ్యంగా ఉందని రాశారు. మట్టిలో ఏ లోపమూ లేదని రాశారు. పువ్వు మాత్రం విచ్చుకోలేదని, విత్తనాన్ని పరీక్షకు పంపాలని రాశారు. పంపడానికి సంచి మీద పేరు లేదు, కొన్నట్టు బిల్లు లేదు.

అమ్మ కాగితం తీసుకుని, గీత గీసిన మాట మీద వేలు పెట్టింది.

"పువ్వు పూయలేదనే రాసిండ్రా," అంది. "గంతేనా. గది నాకెరుకే గద బిడ్డా."

చెయ్యి కడుక్కుంది. కడుక్కుని, తడి తుడుచుకోకుండా, ఆ చేతినే చూసుకుంటూ కూర్చుంది.

నాకు అన్నం సయించలేదు. పగ సయించింది. చదువుకున్న పిల్ల ఇట్లా అనకూడదేమో. కానీ అది నిజం. నాకు ఆ పూట పగ అంత రుచిగా ఇంకేదీ లేదు. పోదామన్నాను. రాయి తీసుకుపోయి ఆయన షట్టర్ మీద వేద్దామన్నాను, అద్దాలు పగలాలన్నాను, పది మందీ చూడాలన్నాను.

"రాయి ఏస్తే తీసి పారేస్తడు," అంది అమ్మ. "తీయరానిది పెట్టాలె."

మర్నాడు ఆరో రోజు. అలిగిన బతుకమ్మ.

తొమ్మిది రోజుల పండుగలో ఆ ఒక్క రోజు ఎవరూ బతుకమ్మను పేర్చరు. అమ్మవారు అలిగింది అంటారు. ఆ రోజు ఎవరూ తంగేడు కోసం పోరు, గునుగు కోసం పోరు. పాట ఉండదు. వాకిళ్లు ఊరికే ఉంటాయి.

"రేపు ఎవ్వరు పేర్వరు," అంది అమ్మ. "మనం పేరుద్దాం."

పువ్వులు ఎట్లా అని అడిగాను.

"పువ్వెక్కడిది బిడ్డా మనకు."

అని నవ్వింది. మా అమ్మ అట్లా నవ్వగలదని నాకు తెలియదు. భయం వేసింది. భయం కన్నా ఎక్కువ సంతోషం వేసింది.

తెల్లారీ తెల్లారకముందే చేనికి పోయాం. చెరొక కొడవలి. ఆమె ఆ చివర, నేను ఈ చివర. ఆకుల మీద మంచు. ముట్టుకుంటే మోచేతి దాకా తడి. కొమ్మలు కోసి కట్ట కడుతూ ఒక్కో సాలూ దాటాను.

నడిమి సాలులో ఆగాను.

పొద్దు పొడుస్తోంది. ఒక చెట్టు కింది కొమ్మకు, రెండు పెద్ద ఆకుల చాటున...

చిలికిన మజ్జిగలో చిటికెడు పసుపు.

అప్పుడే విచ్చుకుంటోంది. నేను చూస్తుండగానే ఒక రేకు ఇంకో రేకును వదిలింది.

యాంథీసిస్.

పుస్తకంలో చదివిన మాటను మొదటిసారి కళ్లతో చూశాను. మూడెకరాల్లో ఒక్కటి. అమ్మ రెండు నెలలు వెతికిన ఒక్కటి.

అమ్మా అని పిలవాలి. నోరు తెరిచాను.

పిలిస్తే ఏమవుతుంది? పరుగెత్తుకొస్తుంది. ఆ పువ్వు ముందు చతికిలబడుతుంది. కొడవలి పక్కన పెడుతుంది. పూసింది బిడ్డా అంటుంది. అన్న మోసం చేయలేదు, ఆలస్యమైందంతే అంటుంది. కాగితం మడిచి ట్రంకు పెట్టెలో పెడుతుంది. ఆ పూట సదానందం దుకాణం ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. చేను మాత్రం పోతుంది. చేతికి పట్టిన తెగులు పేరు అట్లాగే ఉంటుంది.

ఆమె మంచితనం నాకు తెలుసు. నాకు భయం దానితోనే.

ఒక్క పువ్వుకు మూడెకరాల మోసాన్ని క్షమించేస్తుంది.

నేను క్షమించలేదు.

తుంచాను.

నలిపేద్దామనుకున్నాను. వేళ్లు మూసుకోలేదు. పుప్పొడి అరచేతికి అంటింది. అయిందా బిడ్డా అని ఆ చివర నుంచి అమ్మ కేకేసింది, అడుగుల చప్పుడు దగ్గరికొస్తోంది. పువ్వును కట్టలోకి, ఆకుల నడుమకు తోసేశాను.

"ఒక్కటన్న కనవడ్డదా?" అంది అమ్మ. రోజూ పొద్దున తనను తాను అడుక్కునే మాటే అది. అలవాటుగా అడిగింది.

"లేదమ్మా."

వాకిట్లో తాంబాళం పెట్టి పేర్చడం మొదలుపెట్టాం. తొడిమలు లోపలికి, ఆకు కొసలు బయటికి. ఒక వరుస, దాని మీద ఇంకో వరుస. నడుమ కోసిన కాడలు నింపాలి. నింపే పని నాది. అమ్మ బయటి వరుసలు చూసుకుంటోంది. ఆ పువ్వు నడిమి పొరలో, కాడల మధ్య, కడుపులోకి జారిపోయింది. పైన ఆకు కప్పాను. నడుమెత్తు బతుకమ్మ లేచింది. అమ్మ పసుపు ముద్దతో గౌరమ్మను చేసి శిఖరం మీద పెట్టింది.

ఒక్క పువ్వు కూడా లేని బతుకమ్మ.

ఊరంతటికీ అట్లాగే కనబడింది.

సమ్మమ్మ పిన్ని గోడ మీది నుంచి చూసింది. అలిగిన రోజు ఇదేంది అంటూ వచ్చింది. నేను కాగితం తీసి ఆమెకు మాట మాటా చదివి చెప్పాను. విని వెళ్లిపోయింది. కాసేపటికి ఒక ట్రాలీ ఆటో మా వాకిట్లో ఆగింది. అందులో సమ్మమ్మ పిన్ని, ఇంకో అయిదుగురు ఆడవాళ్లు. ఆమె అమ్మ ముఖం వైపు చూడలేకపోయింది. తాంబాళానికి మాత్రం ఒక చెయ్యి వేసింది.

స్టేషన్ రోడ్డు సందు. షట్టర్ సగం లేచి ఉంది. అమ్మ బతుకమ్మను దించి సరిగ్గా గడప మీద పెట్టింది. పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, రోడ్డు మీద కూర్చుంది.

ఎనిమిది మందిమి కూర్చున్నాం. పాట లేదు. చప్పట్లు లేవు.

పేర్చిన చేతులే ఎత్తాలి. ఎత్తితే నీళ్లలోనే దించాలి. దాటకూడదు, కాలు తగలకూడదు, ఊడ్చి పారేయకూడదు. ఈ సంగతి వరంగల్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

సదానందం బయటికి వచ్చాడు. చూశాడు. అమ్మను చూశాడు, నన్ను చూశాడు, నా చేతిలో కాగితాన్ని చూశాడు. తీయమని హమాలీకి చెప్పాడు. హమాలీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"గౌరమ్మ ఉన్నది సేటు. నాతోని కాదు."

ఆయనే వంగాడు. వంగి, చేతులు చాచి, ఆగిపోయాడు.

అంతలో పైనుంచి ఆయన భార్య దిగి వచ్చింది. బతుకమ్మను చూసింది. పువ్వులెందుకు లేవని అడగలేదు. లోపలికి పోయి పసుపు కుంకుమ తెచ్చి, గౌరమ్మకు బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని మొక్కి, వచ్చిన దారినే పైకి పోయింది.

అయిపోయింది. సొంతింటి ఆడది మొక్కినదాన్ని ఇక ఆయన ఎట్లా తీస్తాడు?

నాకు కలిగిన సంతోషం చెప్పడానికి నాకు ఏ భాషలోనూ మాట లేదు. గ్రీకులో ఉందేమో.

యాసంగి విత్తనాలకు గిరాకీ రోజులు అవి. ఆటోలు ఆగుతున్నాయి, రైతులు దిగుతున్నారు, గడప చూస్తున్నారు, ఏందని అడుగుతున్నారు. నేను కాగితం చదువుతున్నాను. వాళ్లు పక్క దుకాణానికి పోతున్నారు. మధ్యాహ్నం తొర్రూరు నుంచి మొగిలమ్మ అనే ఆమె వచ్చింది. నిలబడి అంతా విన్నది. తనకూ ఇదే మాట చెప్పాడని, నీ మన్నుకే తెగులన్నాడని చెప్పింది. సంచి కింద పెట్టి మా పక్కన కూర్చుంది.

అందరికీ విడివిడిగా చెప్పాడు. ఎవరి మన్ను మీద వాళ్లు అనుమానంతో ఎవరింట్లో వాళ్లు ముడుచుకున్నారు.

పొద్దుగూకాక మేము ఊరికి వెళ్లిపోయాం. బతుకమ్మ అక్కడే ఉంది. ఎవరూ ముట్టలేదు.

మర్నాడు వచ్చేసరికి ఆకులు వాడి నల్లబడ్డాయి. బతుకమ్మ ఒక పక్కకు కొంచెం కుంగింది. అందరూ షట్టర్ వైపు చూస్తున్నారు. నేను ఆకుల సందుల్లోకి చూస్తున్నాను.

ఒక్క పొర జారితే చాలు...

సదానందం పక్క సందులోంచి నడిచి వచ్చాడు. రాత్రి నిద్ర లేనట్టుంది. అమ్మ ముందు నిలబడ్డాడు.

"తియ్యి చెల్లె. కొత్త ఇత్తనం ఇస్త. బిల్లు రాసి ఇస్త."

"నాకు ఇత్తనం వద్దన్నా," అంది అమ్మ. "ఆ కాయితంల మాటకు అర్థం చెప్పు. అందరు వింటరు."

ఆయన తల దించుకున్నాడు. ఇంక ఒప్పుకుంటాడు అనుకున్నాను. అంతలో తలెత్తాడు. కళ్లలో ఏదో చివరి ఆశ.

"ఒక్క పువ్వన్న పూయలేదా చెల్లె? నిజం చెప్పు. అది లేటు రకం. ఒక్కటి పూసిందంటే తతిమ్మయి సుత పూస్తయి."

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

అమ్మ లేచింది. బతుకమ్మ దగ్గరికి పోయి, వాడిన ఆకుల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి. మొదటి గింజ వేసే చెయ్యి.

"ఒక్క పువ్వు పూసినా సరే, ఈ గౌరమ్మ తోడు, నేనేసిన గింజ మళ్ల మొలవొద్దు."

ఆమె అరచేతికి జానెడు కింద ఉంది అది.

అప్పుడు చెప్పాలి. ఇంకా సమయం ఉంది. అమ్మా ఆ మాట వెనక్కి తీసుకో అనాలి. నోరు రాలేదు... రాలేదు కాదు, నేను రానివ్వలేదు. ఆయన ఓడిపోవడం నాకు కావాలి. ఆ క్షణంలో అమ్మ కన్నా అదే నాకు ఎక్కువ కావాలి.

సదానందం గొంతు సవరించుకున్నాడు.

"యాంథీసిస్ అంటే... పువ్వు విచ్చుకునుడు."

"గట్టిగ చెప్పు."

చెప్పాడు. సందు చివర దాకా వినబడింది.

"తెగులా?"

"కాదు."

"మరి తప్పు ఎవరిది? నా మన్నుదా?"

"కాదు చెల్లె. ఇత్తనంది." గడప మీది బతుకమ్మను చూశాడు. "నాది."

ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి అది పట్టాదారు రాజేశ్వర్ రావు ఫోన్ దాకా పోతుందని అందరూ అనుకున్నారు. సమ్మమ్మ పిన్ని అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తనకు ఇంకో అర్ధెకరం పల్లి వేయాల్సి ఉందని, రేపు పొద్దున్నే వచ్చి మొదటి గింజ వేయాలని, రాకపోతే తను వేయనే వేయనని అంది. అమ్మ తల ఊపింది.

అందరూ నవ్వుతున్నారు. నేను బతుకమ్మ వైపే చూస్తున్నాను.

ట్రాలీ ఆటో ఎక్కి భద్రకాళి చెరువుకు పోయాం. నువ్వు సుత రా అన్నా, సాగనంపుదువు అని అమ్మ పిలిచింది. సదానందం స్కూటర్ మీద వెనకే వచ్చాడు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు.

నేను దించుతానమ్మా అన్నాను. నువ్వొద్దు, నేను దించుతాను, చీర తడుస్తుంది అన్నాను. అమ్మ నవ్వి తాంబాళం ఎత్తుకుంది. మోకాళ్ల లోతుకు పోయింది. నేనూ దిగాను.

బతుకమ్మ నీళ్ల మీద ఒక్క క్షణం నిలిచింది. గౌరమ్మ కరిగింది. పై వరుస ఆకులు విడిపోయాయి. రెండో వరుస. మూడోది.

తర్వాత నేను నింపిన పొర.

కాడల మధ్య నుంచి అది పైకి వచ్చింది.

ఎర్రగా.

చీకట్లో, ఆకుల అడుగున, ఎవరూ చూడకుండానే తన రెండో పొద్దు తాను పూర్తి చేసుకుంది.

అమ్మ చూసింది.

తర్వాత నన్ను చూసింది.   ఆ చూపు ఎంతసేపు నిలిచిందో నాకు తెలియదు. గట్టు మీద సదానందం ఒక అడుగు ముందుకు వేసినట్టుంది. చూశాడో లేదో.

అమ్మ చెయ్యి చాచింది. తీసుకుంటుందనుకున్నాను. కళ్లకు అద్దుకుంటుందనుకున్నాను. రెండు నెలలు కొమ్మ కొమ్మా వంచి వెతికిన పువ్వు అది.

అరచేత్తో దాన్ని నీళ్లలోకి అదిమింది.

తేలింది.

మళ్లీ అదిమింది. ఆ మంచి చేత్తోనే, గాజులు మునిగేదాకా.

ఒడ్డు నుంచి సమ్మమ్మ పిన్ని పిలుస్తోంది. పొద్దు పోతోంది రమ్మని, రేపు తెల్లారేసరికి గింజ వేయాలని.

పత్తి పువ్వు పొద్దున విచ్చుకుంటుంది. మర్నాటికి ఎర్రబడుతుంది. మూడోనాటికి...

అమ్మ చెయ్యి తీసింది.

పువ్వు మళ్లీ తేలింది.